కత్తికి ముందు ఒక మాట

1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఓ ధర్మాసుపత్రికి టిమ్మీ జీన్ లిండ్సే అనే మహిళ వచ్చింది. ఆరుగురు పిల్లల తల్లి. రొమ్ముల మీద పొడిపించుకున్న పచ్చబొట్లు తీయించుకోవడానికి వచ్చిందామె. అక్కడి ప్లాస్టిక్ సర్జన్లు థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అప్పటికే సిలికాన్ జెల్ నింపిన సంచి ఒకటి తయారుచేసి, దాన్ని తొలిసారి అమర్చడానికి ఒప్పుకునే మనిషి కోసం చూస్తున్నారు. ఆమెను అడిగారు. తనకు అంతకంటే చెవులు సరిచేయించుకోవాలని ఉందని ఆమె చెప్పింది. అవీ సరిచేస్తామన్నారు. ఒప్పుకుంది. సిలికాన్ ఇంప్లాంట్ల చరిత్ర అలా మొదలైంది. ఆ స్త్రీ కోరి వచ్చింది ఒకటి, ఆమె ఒంట్లోకి చేరింది మరొకటి.

ఈ అరవై ఏళ్లలో ఆ సంచి చాలా మారింది. క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేయాల్సి వచ్చిన ఎందరో స్త్రీలకు మళ్లీ ఒక ఆకృతిని ఇచ్చింది. దాన్ని ఎప్పుడు అమర్చాలి, ఎక్కడ అమర్చాలి, దేని ఆసరాతో నిలబెట్టాలి అని సర్జన్లు ఎడతెగక వాదించుకున్నారు, పోల్చి చూసుకున్నారు, తప్పులు దిద్దుకున్నారు. ఆ పోలికల కథ చదువుతుంటే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఏ పద్ధతి మేలు అని ఆ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలనే అడగడం మొదలుపెట్టాక గానీ సరైన జవాబులు రావడం మొదలు కాలేదు. మన దగ్గర ఆ అడగడమే ఇంకా సరిగా మొదలు కాలేదు.

మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం రొమ్ము క్యాన్సర్‌దే. 2022లో సుమారు 1.92 లక్షల మందికి అది కొత్తగా వచ్చిందని, దాదాపు 98 వేల మందిని పొట్టన పెట్టుకుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అంచనా. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన స్త్రీలకు ఇది పదేళ్లు ముందుగా వస్తోందని వైద్యులు చెబుతుంటారు. పిల్లలు ఇంకా బడికో కాలేజీకో వెళ్తుండగానే తల్లి ఆపరేషన్ గదిలోకి వెళ్లాల్సి వస్తోంది. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే వస్తే, చాలామందికి రొమ్మును ఉంచి గడ్డ మాత్రం తీసి, రేడియేషన్ ఇస్తే సరిపోతుంది. ఆయుష్షులో తేడా ఉండదని పెద్ద పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. ఆలస్యంగా వచ్చేవారి సంఖ్య ఎక్కువ కాబట్టి ఇక్కడ మొత్తం తీసేయడమే ఇంకా ఎక్కువగా జరుగుతోంది. ఆ తర్వాత ఆమె ముందు ఇరవై, ముప్ఫై ఏళ్ల జీవితం ఉండవచ్చు. అన్నేళ్లూ ఎలాంటి ఒంటితో బతకాలన్నది ముచ్చట వ్యవహారం కాదు. రోజూ స్నానం చేసేటప్పుడు, జాకెట్టు తొడుక్కునేటప్పుడు, పడకమీద ఒత్తిగిలేటప్పుడు ఎదురయ్యే సంగతి.

తీసేసిన రొమ్ము స్థానంలో, మిగిలిన చర్మం కింద సిలికాన్ సంచి పెట్టి కుట్టేయడం తొలి ఆలోచన. అమెరికన్ సర్జన్లు స్నైడర్‌మన్, గత్రీ 1971లో దీన్ని ప్రకటించారు. వినడానికి తేలిగ్గా ఉంది. కానీ కింద ఉన్న గ్రంథి అంతా పోయాక మిగిలే చర్మం చాలా పలచన. దానికి రక్తం అందడమే అంతంతమాత్రం. దాని కిందే బరువు పెడితే కొందరిలో చర్మం నల్లబడి చచ్చిపోయేది. సంచి బయటపడేది. లేదంటే సంచి చుట్టూ ఒళ్లు తనకు తాను అల్లుకునే మచ్చపొర బిగుసుకుపోయి, రొమ్ము గట్టిపడి నొప్పి పెట్టేది. అందుకని సంచిని ఛాతీ కండరం కిందికి మార్చారు. చర్మానికీ సంచికీ నడుమ కండరం అడ్డుగా ఉంటుంది కాబట్టి కాస్త భద్రం.

కండరం కింద చోటు ఇరుకు. ఆ ఇరుకును విప్పిన వాడు చెడొమిర్ రాడోవన్. 1982లో ఆయన ప్రచురించిన పద్ధతిలో ముందుగా ఖాళీ సంచిని అమరుస్తారు. దాని పేరు ఎక్స్‌పాండర్. కుట్లు మానాక వారానికో, రెండు వారాలకో ఒకసారి సూదితో అందులోకి కొంచెం కొంచెంగా సెలైన్ ఎక్కిస్తారు. కడుపులో బిడ్డ ఎదిగేకొద్దీ పొట్ట చర్మం సాగినట్టు, ఛాతీ చర్మమూ కండరమూ నిదానంగా సాగుతాయి. చాలినంత చోటు ఏర్పడ్డాక, కొన్ని నెలలకు రెండో ఆపరేషన్ చేసి ఆ సంచిని తీసి శాశ్వత ఇంప్లాంట్ పెడతారు. జన్యుదోషం ఉందని తెలిసి ముందు జాగ్రత్తగా రెండు రొమ్ములూ తీయించుకున్న నటి ఏంజెలినా జోలీ 2013లో న్యూయార్క్ టైమ్స్‌లో తన కథ రాసినప్పుడు చెప్పింది ఈ దారి గురించే. మొదటి పెద్ద ఆపరేషన్‌కూ ఇంప్లాంట్‌కూ మధ్య తొమ్మిది వారాలు గడిచాయని ఆమె రాసింది.

రెండుసార్లు మత్తు, రెండుసార్లు ఆసుపత్రి, మధ్యలో సూదులు, సాగుతున్న ఛాతీలో బిగువు. మామూలు మనిషి ఎవరైనా ఇదంతా ఒక్కసారితో అయిపోతే బాగుండుననుకుంటారు. సర్జన్లూ అదే అనుకున్నారు. 2000 తర్వాత వారి చేతికి కొత్త వస్తువు వచ్చింది. మనిషి లేదా జంతువు చర్మం నుంచి కణాలన్నీ తొలగించి, అల్లిక మాత్రం మిగిల్చిన పలుచని పొర అది. కండరం కింది అంచును విడదీసి, ఆ పొరను ఉయ్యాలగుడ్డలా జోడిస్తే చోటు అప్పటికప్పుడు ఏర్పడుతుంది. ఎక్స్‌పాండర్ అవసరం లేదు. రొమ్ము తీసిన పూటే శాశ్వత ఇంప్లాంట్ అమర్చేయవచ్చు. మత్తు నుంచి తేరుకునేసరికి ఆమె ఛాతీ బోసిగా ఉండదు. ఈ ఊరట చిన్నది కాదు. పద్ధతి వేగంగా వ్యాపించింది. ఆ పొరల తయారీ పెద్ద వ్యాపారమైంది. అయితే పాతదానితో పక్కపక్కన పెట్టి, చీటీ తీసినట్టు స్త్రీలను రెండు వర్గాలుగా కేటాయించి పోల్చి చూసినవారు చాలాకాలం దాదాపు లేరు.

ఆ పని నెదర్లాండ్స్ చేసింది. అక్కడి ఎనిమిది ఆసుపత్రులు కలిసి, 2013 నుంచి 2015 దాకా 142 మంది స్త్రీలను చేర్చుకున్నాయి. సగంమందికి పంది చర్మం నుంచి తయారైన పొరతో ఒకే ఆపరేషన్, మిగతావారికి పాతకాలపు రెండంచెల పద్ధతి. ఫలితాలు 2017లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చాయి. ఒక్కసారితో ముగించిన వారిలో 46 శాతం మందికి ఆపరేషన్ వల్ల ఏదో ఒక చిక్కు వచ్చింది. రెండంచెల వారిలో అది 18 శాతం. చిక్కుల వల్ల మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది ఒక్కసారి వారిలో 37 శాతానికి, రెండంచెల వారిలో 15 శాతానికి. ఇంప్లాంట్‌నో పొరనో తీసేయాల్సి రావడమూ మొదటి వర్గంలోనే చాలా ఎక్కువ. రెండో ఆపరేషన్ తప్పించడానికి పుట్టిన పద్ధతిలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కారు. అదీ అనుకోకుండా, చీముతోనో తెరుచుకున్న గాయంతోనో.

ఆ పరిశోధకులు అక్కడితో ఆగి ఉంటే వారి పని సగమే అయ్యేది. వారు ఆ స్త్రీలను అడిగారు కూడా. అడగడానికి అప్పటికే ఒక సాధనం ఉంది. ఆండ్రియా ప్యూసిక్, ఆన్ క్లాసెన్ బృందం 2009లో బ్రెస్ట్-క్యూ అనే ప్రశ్నావళిని ప్రచురించింది. బట్టల్లో ఎలా ఉన్నారు, బట్టలు లేకుండా అద్దంలో చూసుకుంటే ఎలా అనిపిస్తోంది, ఛాతీ నొప్పిగా ఉందా, నలుగురిలో ధీమాగా ఉండగలుగుతున్నారా, దాంపత్యం ఎలా ఉంది, ఆపరేషన్‌కు ముందు మీకు చాలినంత చెప్పారా. ఇలాంటి ప్రశ్నలకు రోగి తన చేత్తో జవాబులు రాస్తుంది. అప్పటిదాకా ఫలితాలను చాలావరకు సర్జన్ తీసిన ఫొటోలూ, లెక్కపెట్టిన చిక్కులూ చెప్పేవి. నెదర్లాండ్స్ స్త్రీల జవాబులు 2018లో వచ్చాయి. ఒక్క ఆపరేషన్ వారికీ రెండు ఆపరేషన్ల వారికీ తృప్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే తొందరపడి ఎక్కువ ప్రమాదం నెత్తిన వేసుకున్నందుకు, ఆ స్త్రీలకు అదనంగా దక్కిన సంతోషమేదీ లెక్కకు రాలేదు.

న్యాయంగా ఇంకో మాటా చెప్పాలి. అమెరికా, కెనడాల్లో 11 కేంద్రాలు కలిసి జరిపిన అధ్యయనంలో ఒక్కసారి పద్ధతికీ రెండంచెల పద్ధతికీ రెండేళ్ల తర్వాత చిక్కుల్లోనూ తృప్తిలోనూ పెద్ద తేడా కనిపించలేదు. కానీ అక్కడ చీటీ తీయలేదు. ఎవరికి ఏది నప్పుతుందో చూసి సర్జన్లే ఎంపిక చేశారు. పొగతాగని, మధుమేహం లేని, చర్మం పుష్టిగా ఉన్న స్త్రీకి, చెయ్యి తిరిగిన సర్జన్ దగ్గర ఒక్కసారి పద్ధతి చక్కగా పనిచేయవచ్చు. అందరికీ అదే మేలని చెప్పి ఒప్పించడం మాత్రం తగదు. రెండంచెల దారి పాతబడిన దారి అన్న చిన్నచూపు మన నగరాల్లోనూ వినిపిస్తోంది. ఆధారాలు ఆ చిన్నచూపును సమర్థించవు.

ఎక్కడ అమర్చాలన్న వాదం మరీ విచిత్రమైన మలుపు తిరిగింది. కండరం కింద పెట్టిన ఇంప్లాంట్ భద్రమే, కానీ కండరం ఊరుకోదు. చపాతీ పిండి పిసికినప్పుడు, బరువైన తలుపు నెట్టినప్పుడు, మంచం మీద చేతులూని లేచినప్పుడు ఛాతీ కండరం ముడుచుకుంటుంది. దానితోపాటు కట్టిన రొమ్మూ ఒక పక్కకు లాక్కుపోతుంది. కొందరికి అది కంటికి కనిపించేంత. ఆపరేషన్ తర్వాతి వారాల్లో నొప్పి కూడా ఎక్కువ. దాంతో గత పదిహేనేళ్లుగా చాలామంది సర్జన్లు ఇంప్లాంట్‌ను మళ్లీ కండరం పైకే తెచ్చారు, చుట్టూ ఆ పొరనో, సన్నని వలనో కప్పి. 1971 నాటి చోటికే వచ్చినట్టయింది, మెరుగైన సామగ్రితో, చర్మాన్ని మరింత మందంగా ఉంచడం నేర్చిన చేతులతో. నొప్పి తక్కువ, కండరం లాగుడు లేదు. బదులుగా, ఒళ్లు సన్నగా ఉన్నవారిలో ఇంప్లాంట్ అంచు, ముడతలు పైకి తెలుస్తాయి. ఏ చోటు మేలో ఆపరేషన్ మధ్యలో, చర్మానికి రక్తం ఎలా అందుతోందో కళ్లారా చూశాక నిర్ణయించేవారే జాగ్రత్తపరులు. రోగిని రెంటికీ సిద్ధపరిచి లోపలికి తీసుకువెళ్లడం వారి మర్యాద.

బ్రిటన్ ఇంకా నిక్కచ్చిగా లెక్క తీసింది. ఐబ్రా అనే అధ్యయనంలో 81 ఆసుపత్రుల్లో ఇంప్లాంట్‌తో పునర్నిర్మాణం చేయించుకున్న 2,108 మంది స్త్రీలను మూడు నెలలపాటు గమనించారు. 2019లో వెలువడిన ఆ లెక్క ప్రకారం నలుగురిలో ఒకరికి ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స చేయాల్సి వచ్చింది. 18 శాతం మంది మళ్లీ ఆపరేషన్ గదికి వెళ్లారు. 9 శాతం మంది ఇంప్లాంట్ పోగొట్టుకున్నారు. వ్యవస్థ పటిష్ఠంగా ఉన్న దేశంలోనే ఇవీ అంకెలు. దాచుకోకుండా అచ్చు వేసినందుకు ఆ వైద్యులకు నమస్కరించాలి. ఇలాంటి లెక్క మన రాష్ట్రాల్లోని ఆసుపత్రులూ ఉమ్మడిగా తీసి ప్రజల ముందు పెట్టాలి.

మనకు సంబంధించినంతవరకు అసలు చిక్కు రేడియేషన్. ఆలస్యంగా వచ్చినవారికి, చంకలో బిళ్లలకు పాకినవారికి ఆపరేషన్ తర్వాత రేడియేషన్ తప్పదు. ఆ కిరణాలు తగిలిన చోట ఇంప్లాంట్ చుట్టూ మచ్చపొర బిగుసుకోవడం, ఇన్‌ఫెక్షన్లు బాగా పెరుగుతాయి. అందుకే అలాంటివారికి వీపు కండరంతోనో, పొట్ట చర్మం, కొవ్వుతోనో రొమ్ము కట్టడం మేలని అనుభవజ్ఞులు చెబుతారు. వీపు కండరం వాడడం కొత్తదేమీ కాదు. ఇటలీ సర్జన్ ఇజీనియో తాన్సీని 1906 నాటికే చేశాడు. సొంత కండతో కట్టించుకున్నవారు రెండేళ్ల తర్వాత ఇంప్లాంట్ వారికంటే తృప్తిగా ఉన్నారని ఇందాకటి ఉత్తర అమెరికా అధ్యయనమే చూపింది. ఎక్కువ గంటల ఆపరేషన్, వీపుమీదో పొట్టమీదో మరో గాటు, కోలుకోవడానికి ఎక్కువ రోజులు, దీనికయ్యే మూల్యం. దిగుమతి పొరలు ఖరీదు కాబట్టి, రొమ్ములు పెద్దవిగా, జారి ఉన్న స్త్రీలకు వారి సొంత చర్మంలో కింది భాగాన్నే పై పొర గీకి లోపలికి మడిచి ఇంప్లాంట్‌కు ఆసరాగా కుట్టే పద్ధతి కూడా ఉంది. పారేసే చర్మమే పనికొస్తుంది. పేదరాలికి ముందుగా చెప్పాల్సిన పద్ధతుల్లో ఇదొకటి.

పొర దేనితో తయారైందో కూడా చెప్పి తీరాలి. కొన్ని పంది చర్మంతో, కొన్ని లేగదూడ చర్మంతో తయారవుతాయి. మన సమాజంలో ఈ మాట దాచి సంతకం తీసుకోవడం నమ్మకద్రోహం. తెలిశాక కొందరు సరేనంటారు, కొందరు వద్దంటారు. రెండూ వారి హక్కే. అలాగే ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదన్నదీ చెప్పాలి. ఏళ్లు గడిచేకొద్దీ పగలడం, మార్చాల్సి రావడం మామూలే. భద్రత మీద సందేహాలతో 1992లో అమెరికా సిలికాన్ జెల్ ఇంప్లాంట్ల వాడకాన్ని గట్టిగా కట్టడి చేసి, 2006లో మళ్లీ అనుమతించింది. గరుకు పైపొర ఉన్న కొన్ని ఇంప్లాంట్ల వల్ల అరుదుగా లింఫోమా అనే క్యాన్సర్‌లో ఒక రకం వస్తోందని తేలి, 2019 జూలైలో అలర్గన్ కంపెనీ తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇంప్లాంట్ కంపెనీ, రకం, సంఖ్య రాసిన కార్డును రోగి చేతికి ఇవ్వాలి. రోగి దాన్ని భద్రంగా దాచుకోవాలి.

ఇంత తెలిసిన కాలంలో, క్యాన్సర్ వార్డు బయట వినిపించే మాటలు వేరు. ముందు ప్రాణం నిలవనీ, ఆ ముచ్చట్లెందుకిప్పుడు. ఈ వయసులో ఎవరు చూడొచ్చారు. ఇద్దరు పిల్లలు పుట్టారు కదా, ఇంకా దేనికి. అనేవారు అత్తో, ఆడపడుచో, ఒక్కోసారి కన్నతల్లో. ప్రేమతోనే అంటారు. ప్రాణం ముందన్నది నిజం కూడా. కానీ సరిగ్గా ఎంపిక చేసిన వారిలో పునర్నిర్మాణం వల్ల క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదం పెరగదని తెలిసి దశాబ్దాలైంది. ఆ తల్లి జాకెట్టులో దూదో పాతగుడ్డో కుక్కుకుని, మాటిమాటికీ పైట సర్దుకుంటూ, పెళ్లిపందిట్లో గోడవారన కూర్చునే ముప్ఫై ఏళ్లను ఎవరు లెక్కలో వేయాలి? భర్త సంతకం ఉన్న కాగితాలు, కొడుకు కట్టిన రసీదులు, ఆడబిడ్డ తెచ్చిన క్యారేజీ, అన్నీ ఉంటాయి. నీకేం కావాలమ్మా అన్న ప్రశ్న ఉండదు.

ఆ ప్రశ్నకు ఏమీ వద్దు అన్నదీ నిండైన జవాబే. అమెరికన్ కవయిత్రి ఆడ్రి లార్డ్ రొమ్ము తీయించుకున్నాక కృత్రిమ రొమ్ము పెట్టుకోనన్నారు. పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వస్తే అక్కడివారి మనసు కుంగుతుందని అక్కడి నర్సు ఆమెతోనే అంది. 1980లో వచ్చిన తన పుస్తకంలో లార్డ్ దాన్ని కోపంగా నిలదీశారు. పునర్నిర్మాణం వద్దనుకున్న స్త్రీకి, ముడతలూ వేలాడే చర్మమూ లేకుండా ఛాతీని చదునుగా, చక్కగా కుట్టి ఇవ్వడం కూడా ఒక నేర్పే. దాన్నీ మిగతా పద్ధతుల వరసలోనే నిలబెట్టి చెప్పాలి. కట్టించుకోమని ఒత్తిడి చేయడమూ, కట్టించుకోవచ్చని చెప్పకపోవడమూ ఒకేలాంటి అన్యాయాలు.

డబ్బు సంగతి. రొమ్ము తీసివేతకు బీమా ఇచ్చే సంస్థలు పునర్నిర్మాణానికీ ఇవ్వాలని అమెరికా 1998లో చట్టం చేసింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగాలు చేసుకునే మన ఆడపడుచులకు అక్కడ ఆ రక్షణ ఉంది. ఇక్కడ చాలామందికి తెలియని మాట ఒకటి. మన బీమా నియంత్రణ సంస్థ నిర్దేశించిన మినహాయింపుల్లో అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి బీమా ఉండదని ఉన్నా, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణాన్ని అందులోంచి వేరుచేశారు. ఏజెంటు కాదన్నంత మాత్రాన వెనక్కి తగ్గనక్కర్లేదు. పాలసీ కాగితం తెచ్చి ఆ వాక్యం చూపించండి. బీమా లేని పేదల కోసం, జిల్లాల నుంచి హైదరాబాదు ఎం.ఎన్.జె. వంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రులకు వచ్చే స్త్రీల కోసం, ఆపరేషన్ తేదీ ఖాయం చేసేముందు ప్లాస్టిక్ సర్జన్‌తో ఒక్కసారి మాట్లాడించే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయాలి. ఆమెకు అర్థమయ్యే తెలుగులో, బొమ్మలతో, అంకెలతో నాలుగు పేజీల పుస్తకం చేతికివ్వాలి. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు.

ఇది చదువుతున్నవారిలో కొందరి ఇళ్లలో ఆ ఆపరేషన్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. వారికి ఒక మాట. రొమ్ము తీసిన రోజే పునర్నిర్మాణం జరగాలన్న నియమం లేదు. చికిత్స ముగిసి నెలలైనా, ఏళ్లయినా చేయించుకోవచ్చు. అమ్మకో అక్కకో అది కావాలేమో ఒకసారి కనుక్కోండి. కావాలంటే పాత కాగితాలన్నీ సర్ది ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి తోడు వెళ్లండి.